ఇనాగాకి బిగించిన పట్టీ

యుద్ధవిమానం నడిపిన రోజుల గురించి మూడొందల పేజీలు చకచకా రాసేసిన తెత్సుజి, ఒక్క పేజీ దగ్గర మాత్రం రెండేళ్లు తచ్చాడాడు. చివరికి రాశాడు. రాసింది అచ్చుకి పంపకుండా, జపాన్‌లోని హచినోహె ఊళ్లో ఊరగాయలు అమ్ముకునే ఫుమియె దగ్గరికి పట్టుకొచ్చాడు. ఆమె వద్దంటే పుస్తకమే మానేద్దామని అతని నిశ్చయం.

ఫుమియె భర్త ఇనాగాకి యుద్ధంలో తెత్సుజి దళనాయకుడు. శత్రువు మీదికి వెళ్తూ పారాషూట్ కట్టుకోవడమంటే ఆ దళంలో నామోషీ. ఇనాగాకి మాత్రం రోజూ పొద్దున్నే ఒక్కొక్కడి పట్టీ తనే లాగి బిగించేవాడు. "విమానం పోతే ఫ్యాక్టరీలో ఇంకోటి చేస్తార్రా. నిన్నెవడు చేస్తాడు?" అనేవాడు. వెనకాల అందరూ "పారాషూట్ తాతయ్య" అని నవ్వుకునేవాళ్లు. ఎంత నవ్వినా ఆయన చెయ్యి ఆగలేదు. మనిషంటే అలా ఉండాలి!

"చదువు బాబూ, నా కళ్లజోడు దుకాణంలో ఉండిపోయింది" అంది ఫుమియె.

తెత్సుజి గొంతు సవరించుకుని చదివాడు. "ఆ రోజు నా పారాషూట్‌ని కావాలనే గుడారంలో వదిలేశాను. నాయకుడు చూసి నన్ను తిట్టి, వెనక్కెళ్లి తెచ్చే వ్యవధి లేక తనది విప్పి నాకు కట్టాడు. ఆకాశంలో మా ఇద్దరి విమానాలకీ మంటలంటుకున్నాయి. నేను దూకి బతికాను. ఆయనకి దూకే దారి లేదు. యుద్ధం అయ్యాక మావాళ్లు కలిసినప్పుడల్లా ఆయన్ని పిరికివాడని నవ్వేవాళ్లు. నేనూ జరిగింది చెప్పకుండా వాళ్లతోపాటు నవ్వాను."

ఫుమియె ఆ కాగితం అందుకుని, మడిచి మళ్లీ అతని చేతిలోనే పెట్టింది.

"వీరమరణం అని చెప్పి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన ఏం చేశాడో చెప్పింది నువ్వొక్కడివే. అచ్చు వేయించు. నువ్వు నవ్విన మాట కూడా తీసెయ్యకు."

"నా మీద కోపం లేదా వదినగారూ?"

"ఎందుకుండదూ? బోలెడుంది. నువ్వెళ్లాక కూర్చుని తిట్టుకుంటా."

తెత్సుజి తల వంచి నమస్కరించి లేచాడు. బయట మంచు కురుస్తోంది. అతని కోటు బెల్టు వదులుగా వేలాడుతుంటే ఫుమియె గుమ్మం దగ్గర ఆపి, రెండు చేతులతో లాగి బిగించింది.

"ఆయన నిలబెట్టి వెళ్లిన ప్రాణం. జలుబు పాలు చెయ్యకు" అంది.

నలభై దాటిన తెత్సుజి చేతులు రెండూ పక్కలకి చాపి, ఆమె ముడి వేసేదాకా కదలకుండా నిలబడ్డాడు, ఆ పొద్దుల్లో ఇనాగాకి ముందు నిలబడినట్టే.