ధరలమ్మ రాసుకున్న చొక్కా కూలి

బజారులో అందరూ ఆమెను ధరలమ్మ అంటారు. గణాంకాల ఆఫీసులో ఉద్యోగం. నెలనెలా అవే దుకాణాలకు వెళ్లి, అవే సరుకుల ధరలు రాసుకురావాలి. సబ్బంటే అదే సబ్బు, అదే బరువు. ఊరూరా ఇలా తెచ్చిన ధరలన్నీ ఆఫీసులో ఒకచోట చేరుస్తారు. జనం దేనికి ఎక్కువ ఖర్చుపెడతారో దానికి లెక్కలో ఎక్కువ బరువిస్తారు. మొదలుపెట్టిన ఏడాది ఖర్చును వంద అనుకుని, అదే బతుకు బతకడానికి ఇప్పుడు ఎంత పడుతోందో తేలుస్తారు.

ఆ సరుకుల్లో చొక్కా కుట్టుకూలి కూడా ఒకటి. దానికోసం ఆమె స్టేషను వెనక సందులో ఉన్న ముసలి టైలరు దగ్గరికి వెళ్లేది. ఆయన మిషను ఆపి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కాలిపీట తుడిచి కూర్చోబెట్టేవాడు. "పాత ధరేనమ్మా, మార్పు లేదు" అనేవాడు. కొన్నేళ్లుగా అదే మాట. అన్నీ మండిపోతున్న రోజుల్లో ఒక్క మనిషైనా నిలకడగా ఉన్నాడని ఆమె ఇంట్లో భర్తకు గొప్పగా చెప్పేది.

ఒక నెల ఆమె వెళ్లేసరికి టైలరు గుండీలు కొనడానికి బయటికి వెళ్లాడు. ఆయన భార్య గుమ్మంలో కూర్చుని కాజాలు కుడుతోంది.

"ఇంకెన్నాళ్లు వస్తావమ్మా నువ్వు?" అందామె తల ఎత్తకుండానే.

"ఏం పిన్నీ, ఇబ్బంది పెడుతున్నానా?"

"నువ్వు అడగడం మొదలెట్టాక ఈయన కూలి పెంచడం మానేశాడు. ఆఫీసువాళ్లు రాసుకుంటున్నారు, నేను పెంచితే దేశమంతా ధరలు పెరిగినట్టు రాస్తారంటాడు. దారం పెరిగింది, కరెంటు పెరిగింది. ఈయన మాత్రం కదలడు."

ధరలమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొలవడానికి వెళ్లి, కొలవాల్సినదాన్నే కదలకుండా పట్టేసుకుంది తను. పోనీ పెంచుకోమందామంటే, దుకాణాలవాళ్లకు ధర విషయంలో సలహా ఇవ్వకూడదని ఆఫీసు నియమం.

తిన్నగా వెళ్లి పై అధికారికి చెప్పింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, కాసేపటికి బుర్ర గోక్కున్నాడు. మన కోసం చెప్పే ధర బజారు ధర కాదు, ఆ దుకాణం వదిలేసి ఇంకొకటి చూడమన్నాడు. అయితే ఈ నెల రెండు చోట్లా ధర రాయాలి. వచ్చే నెల నుంచి కొత్త దుకాణం ధరను ఆ దుకాణం పాత ధరతోనే పోల్చాలి. లేకపోతే దుకాణాల మధ్య తేడా కాస్తా ధర పెరిగినట్టు లెక్కలోకి ఎక్కుతుంది.

ఇక రానని చెప్పడానికి వెళితే టైలరు మొహం చిన్నబోయింది. ఏదైనా తప్పు చెప్పానా అని అడిగాడు.

"మీరు చెప్పింది నిజమే బాబాయ్. కానీ అది నాకోసం పెట్టుకున్న ధర. నేను రాకపోతే మీరెంత తీసుకునేవారో, నాకు కావలసింది అది."

ఆయన టేపు వేలికి చుట్టుకున్నాడు. "అయితే నేను పెంచినా దేశానికేం కాదా?"

"అన్ని వేల ధరల్లో మీ చొక్కా ఆవగింజంత."

"నేనేదో దేశాన్ని భుజాన మోస్తున్నాననుకున్నానే" అన్నాడాయన, కొంచెం నొచ్చుకుని. లోపల భార్య కిసుక్కున నవ్వింది.

తర్వాతి వారమే ఆయన కూలి పెంచాడు. ఒకాయన సణుక్కుంటూ వెళ్లిపోయాడట. మిగతావాళ్లు ఇప్పటికైనా పెంచావా అని ఇచ్చేసి పోయారట. ధరలమ్మకు మార్కెట్ మూల మీద మరో టైలరు దొరికాడు. ఆమె ఎవరో ఏమిటో అతనికి పట్టదు. గుడ్డ మీంచి చూపు తిప్పకుండా ధర చెప్పి పని చూసుకుంటాడు. ఆఫీసుకు కావలసింది అలాంటివాడే.

ముసలాయన కొట్టు ఇక ఆఫీసు లెక్కలో లేదు కాబట్టి, ఆయన దగ్గర కుట్టించుకోవడానికి నియమం అడ్డు లేదు. భర్తకని గుడ్డ కొని, ఆది చొక్కా పట్టుకుని వెళ్లింది. కూలి విని, కాస్త తగ్గించమని బేరమాడింది. ఉద్యోగంలో ఎన్నడూ బేరమాడని మనిషికి అదో సరదా.

"తగ్గదమ్మా" అన్నాడాయన, గుడ్డ బల్ల మీద పరుస్తూ. ఆ మాటలోని దర్జా చూసి ఆమె మురిసిపోయింది.

గురువారం రమ్మని శనివారం ఇచ్చాడు. చొక్కా మాత్రం ఒంటికి అతికినట్టు కుదిరింది.