గొట్టానికి అటువైపు

"తుడిచి పెట్టు. అంతేగాని చెవికి పెట్టుకోకు, అదేం ఆటవస్తువు కాదు" అని రోజూ చెప్పే మాటే ఆ పొద్దున కూడా చెప్పి రాజరత్నం స్నానానికి వెళ్ళాడు. గుండెచప్పుడు వినే ఆ చెక్కగొట్టాన్ని సువార్తమ్మ కాపురానికొచ్చిన నాటినుంచీ తుడుస్తూనే ఉంది. అందులో ఏం వినపడుతుందో మాత్రం తెలియదు. గోదారిలా హోరు పెడుతుందా? రోకటిపోటులా ఉంటుందా? అందరికీ ఒకేలా కొట్టుకుంటుందా, దొరలకి వేరేగానా? అడిగితే అత్తగారు, "చోద్యం కాకపోతే, ఆడదానికి రోకటి చప్పుడు చాలదూ!" అని బుగ్గలు నొక్కుకునేది.

రాజమహేంద్రవరం మిషను బడిలో మొగుడూ పెళ్ళాం ఒకే మేష్టారి దగ్గర చదివిన వాళ్ళే. చదువయ్యాక అతన్ని సర్కారు ఖర్చుతో వైద్యం నేర్చుకోమని మద్రాసు పంపారు. ఆమెను అతనింటికి పంపారు. ఇప్పుడు ఊళ్ళో దొరసానిగారు ఆడవాళ్ళకి వైద్యం క్లాసు పెడుతున్నారు. వెళ్తానని సువార్తమ్మ మూడుసార్లు అడిగింది. "ఇంటికో డాక్టరు చాలడా?" అని నవ్వేశాడు. ఆ నవ్వుకి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజు కోరుకొండ నుంచి పల్లంరాజుగారి బండి వచ్చింది. ఆయన భార్య సుబ్బాయమ్మగారికి ఆయాసం. ఘోషా ఇల్లు, పరాయి మగవాడు ఆవిణ్ణి చూడకూడదు. ఇలాంటి లోగిళ్ళకి రాజరత్నం భార్యను వెంటబెట్టుకు వెళ్ళేవాడు. ఆమె రోగిని తెర దగ్గరికి జరిపి కూర్చోబెడితే, అతను బయటినుంచి తెర మీదే గొట్టం ఆనించి వినేవాడు. దళసరి తెరా, పట్టుచీరా అడ్డుంటే గరగర తప్ప ఏం వినపడి చస్తుంది! అయినా "ఫరవాలేదండి" అని మందిచ్చేవాడు.

ఈసారి సుబ్బాయమ్మగారు మంచం మీంచి లేవలేకపోయింది. గత్యంతరం లేక అతను తెర కిందుగా గొట్టం లోపలికి తోశాడు. "నువ్వే విని చెప్పు."

సువార్తమ్మ మంచం పక్కన కూర్చుంది. ఆవిడ పైట తప్పించి, గొట్టం గుండెకి ఆనించి, చెవి పెట్టింది. అమ్మో! లోపల ఎవరో నడుస్తున్నారు. తడబడి, ఆగి, మళ్ళీ పరుగు. ప్రాణం అంటే ఇదా అనుకుంది. పట్టలేని సంతోషంతో కళ్ళు చెమర్చాయి.

"తేడా ఎక్కడుంది? మొదటి చప్పుడులోనా, రెండోదాన్లోనా?" అని బయటినుంచి అతను కసిరాడు.

"తెలియడం లేదండి."

"చెవులు లేవా నీకు?"

చెవులున్నాయి. నేర్పిన వాళ్ళే లేరు.

సుబ్బాయమ్మగారు రొప్పుతూ ఆమె చెయ్యి పట్టుకుంది. "తెలిసినాయన వినకూడదంట. విన్న నీకు తెలియదంట. మరి నేనెలా బతికేదమ్మా?"

రాజరత్నం తోచిన మందేదో ఇచ్చి లేచాడు.

బండి ఊరు దాటింది. గొట్టం ఇంకా ఆమె ఒళ్ళోనే ఉంది.

"సోమవారం నుంచి దొరసానిగారి క్లాసుకి వెళ్తాను."

"నన్నడక్కుండానేనా?"

"మూడుసార్లు అడిగానండి. ఇప్పుడు చెబుతున్నాను."

అతను గొట్టం కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇచ్చేసింది, తుడవకుండానే.