పొద్దుటి ప్రయోగానికి మంచి చోటు

"నువ్వెప్పుడూ చూసేదేగా" అన్నాడు మస్తానయ్య భార్యతో, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. గూడూరు నుంచి, నాయుడుపేట నుంచి వచ్చిన చుట్టాలతో వాకిట్లో వ్యాన్ నిండిపోయింది. ఏడూ నలభైకి రాకెట్. వాళ్లు తిరిగొచ్చేసరికి దోసెలు వేడివేడిగా పడాలని చెప్పి, సమాధానం కోసం ఆగకుండా అద్దంలో మీసం చూసుకున్నాడు.

చెంగమ్మ సూళ్లూరుపేటకు కాపురానికి వచ్చి ఇరవై రెండేళ్లు. శ్రీహరికోటలో రాకెట్ అంటే ఇంటినిండా చుట్టాలు, చుట్టాలంటే దోసెలు. ఏ పిండివంటైనా ముందే చేసి మూత పెట్టొచ్చు గానీ, దోసె మాత్రం పోసే మనిషిని పొయ్యి దగ్గర నుంచి అంగుళం కదలనివ్వదు. కిటికీ అద్దాలు గడగడలాడగానే అట్లకాడ చేత్తోనే పెరట్లోకి పరుగెత్తేది. రాకెట్ లేచిన నిమిషానికి గానీ చప్పుడు ఊళ్లోకి రాదు. ఈ ఊరి వంటిళ్లలో ఉన్న ఆడవాళ్లందరూ చేసే పొరపాటే ఇది, చప్పుడు విని పరుగెత్తడం. అప్పటికి ఆకాశంలో వంకర పొగ తప్ప ఏమీ మిగలదు. మిద్దె మీద నిలబడ్డవాళ్లకు నిప్పు ముందే కనిపిస్తుంది, కానీ వంటింట్లోకి ఒక్క కేక వేయాలని ఒక్కరికీ తోచదు. ఆమె ఎప్పుడూ చూసేది ఆ పొగనే.

చోటు చూడడంలో మాత్రం మస్తానయ్యను మించినవాడు లేడని చుట్టాల్లో పేరు. పులికాట్ రోడ్డు మీద తూము దగ్గరైతే తుమ్మచెట్లు అడ్డం రావని పోయినసారి చెప్పింది చెంగమ్మే. అటకానితిప్ప అంగన్‌వాడీలో టీచరుగా పదేళ్లుగా ఆ దారినే పోయి వస్తోంది. ఆడబిడ్డ సుబ్బరత్న ఆ తూము దగ్గర నిలబడి, "మా అన్న చోటు చూశాడంటే తిరుగుండదు" అని పదిమందికీ చెప్పుకుంది. అంగన్‌వాడీలోనూ అంతే. పిల్లల బరువులు తూచి రాసేది ఈమె, మీటింగులో శభాష్ అనిపించుకునేది సూపర్‌వైజరు.

ఇవాళా ఆ తూము దగ్గరికే ప్రయాణం. కానీ అది సాయంత్రం ప్రయోగానికే మంచి చోటు. పొద్దున పూట అక్కడ నిలబడితే ఎండ సూటిగా కళ్లలో పొడుస్తుంది. ఆ మాట చెబుదామని నిన్నటినుంచి రెండుసార్లు నోరు తెరిచింది. రెండోసారి అత్త అందుకుంది. "వాడికి నువ్వు చెప్పాల్నా? చట్నీ సంగతి చూసుకో." మస్తానయ్య నవ్వాడు. చెంగమ్మకు ఒళ్లు మండింది. అయినా చట్నీ నూరింది, తాలింపు పెట్టింది.

వ్యాన్ వీధి మలుపు తిరిగింది. పెనం వేడెక్కింది. మొదటి గరిటె పిండి ముంచి, పోయకుండా మళ్లీ గిన్నెలోకే వంచింది. ఇంకో ఇరవై రెండేళ్లు ఇక్కడే నిలబడినా ఎవరూ పిలవరని అప్పుడు తట్టింది. ఇవాళ చూడకపోతే ఇక చూడనని కూడా తట్టింది. పొయ్యి కట్టేసింది. పిండి మీద మూత పెట్టి, కొంగున చేతులు తుడుచుకుని రోడ్డెక్కింది.

షేర్ ఆటో అబ్బులు ఆమెను చూసి బ్రేకు వేశాడు. "ఏంది టీచరమ్మా, ఆదివారం గూడా బడేనా?"

"సొంత పని" అంది చెంగమ్మ. ఆ మాట తనకే కొత్తగా, రుచిగా ఉంది.

తూము దాటుతుంటే రోడ్డు పక్కన తమ వ్యాన్ ఆగి ఉంది. అందరూ చేతులు నొసటికి అడ్డం పెట్టుకుని ఎండలోకి చూస్తున్నారు. ఆటో ఆగలేదు, ఆమె ఆపమనలేదు. అటకానితిప్పలో దిగింది. అంగన్‌వాడీ వెనకాల నీళ్ల ట్యాంకు నీడలో నిలబడితే పొద్దుటి సూర్యుడు ట్యాంకు చాటుకు పోతాడు. కుడిపక్క సరస్సు మీద ఆకాశమంతా ఖాళీ. ఆ సంగతి పిల్లలను ఆడించేటప్పుడు ఎప్పుడో కనిపెట్టింది. అక్కడ చేపల పోలమ్మ తన మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది. టీచరును చూసి గోనెపట్టా దులిపి పక్కన చోటిచ్చింది.

ముందు వెలుగు. సరుగుడు తోపుల వెనకనుంచి నిప్పుముద్ద ఒకటి నింపాదిగా పైకి లేచింది. చప్పుడు లేదు, కొంగలు కూడా కదల్లేదు. ఇంత పెద్దది ఇంత నిశ్శబ్దంగా లేస్తుందని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు. ఏదో చెడిపోయిందేమో అనుకుంది. అది పైకి, ఇంకా పైకి పోయి, కుడికి ఒరుగుతుండగా అప్పుడు వచ్చింది చప్పుడు, నేలలోంచి, పక్కటెముకల్లోంచి. పోలమ్మ మనవరాలు చెవులు మూసుకుంది. చెంగమ్మ మూసుకోలేదు. చుక్కంత అయ్యేదాకా, ఆ చుక్కా కనబడకుండా పోయేదాకా చూసింది. కళ్లు తుడుచుకుని నవ్వింది, ఎందుకో సిగ్గు కూడా వేయలేదు.

ఫోన్ మోగింది. మస్తానయ్య గొంతు నీరసంగా ఉంది. ఎండలో ఏమీ కనపళ్ళేదంట, సుబ్బరత్న మొహం మాడ్చుకుందంట, పదినిమిషాల్లో ఇంట్లో ఉంటారంట.

"పిండి పొయ్యి పక్కనే ఉంది, చట్నీ చేసి పెట్టా. పోసుకోండి."

"నువ్వు యాడుండావు?"

"రాకెట్ చూసేదానికి మంచి చోట్లో ఉండా. మొదట్నించీ చూశా."

మస్తానయ్య మెల్లిగా అడిగాడు. "ఆ చోటేందో చెప్పు, ఈసారి అందర్నీ అక్కడికే తీసకపోతా."

చెంగమ్మ గోనెపట్టా మీద కాళ్లు చాపుకుంది.

"తూము చెప్పా, తీసుకున్నారు. ఇది చెప్పను. ఇది నాకుంచుకుంటా."