తొమ్మిది సార్లు మార్చిన సీసా

నాకు ఓపిక లేదని ఇంట్లో అమ్మ, ల్యాబులో గైడ్ మేడమ్ ఒకే మాట మీద ఉంటారు. నా పరిశోధన చూస్తే అంతా ఓపిక మీద నడిచేదే. రాగిని మూలల్లో పెట్టి, వాటి మధ్య కర్బన ఆమ్లాన్ని దూలాల్లా కూర్చితే లోపలంతా ఖాళీ గదులున్న స్ఫటికం వస్తుంది. ఆ గదుల్లో వాయువును నిల్వ చేయాలి. లెక్క ప్రకారం గ్రాము పొడిలో లోపలి గోడల వైశాల్యం రెండు వేల నాలుగు వందల చదరపు మీటర్లు. మూడేళ్లలో నాకు ఆరు వందలు దాటి చావలేదు.

"శనివారం ఆఖరి కొలత. అప్పటికీ రాకపోతే టాపిక్ మార్చుకో," అన్నారు మేడమ్. మూడేళ్ల చాకిరీ నీళ్లపాలన్నమాట.

తయారీలో వాడిన ద్రావకం ఆ గదుల్లో ఇరుక్కుపోతుంది. దాన్ని వదిలించాలంటే పొడిని మిథనాల్‌లో నానబెట్టి, మూడు రోజులు, రోజుకు మూడుసార్లు మిథనాల్ మార్చి, ఆ తర్వాత మెల్లగా ఆరబెట్టాలి. తొందరపడితే గదులు లోపలే కూలిపోతాయి. నేను ఒక్క పూట మార్చి ఓవెన్‌లోకి తోసేసేదాన్ని. స్ఫటికాలు నిగనిగలాడుతుంటే ఇంకేం కావాలి అనుకునేదాన్ని.

సోమవారం కొత్త పొడిని మిథనాల్‌లో వేసి, సీసా మీద "కదపొద్దు" అని చీటీ అంటించి ఇంటికెళ్లాను. జ్వరం ముంచుకొచ్చింది. గురువారం దాకా మంచం దిగలేదు.

శుక్రవారం పొద్దున వచ్చేసరికి టెక్నీషియన్ బాబాయ్ నా సీసాను కిటికీ వెలుగులో పట్టుకుని చూస్తున్నాడు. ఒక్క గాజుగొట్టం కడగడానికి పూట పడుతుందని మేమంతా ఆయన్ని నిదానం బాబాయ్ అంటాం.

"ఎవరు ముట్టుకోమన్నారు? కదపొద్దని రాశానుగా!" ఒళ్లు మండి అరిచాను.

"కదపలేదమ్మా. పైనున్నది తీసేసి కొత్తది పోశానంతే. పోసినప్పుడల్లా నీలంగా దిగుతోంది. తేట అయ్యేదాకా కడగందే నాకు అన్నం సయించదు."

పక్కన చిత్తుకాగితం మీద వేళలతో సహా గీతలు పెట్టి ఉన్నాయి. లెక్కపెట్టాను. తొమ్మిది. రోజుకు మూడు, మూడు రోజులు.

ఈసారి తొందరపడలేదు. గాలి తీసేసిన గొట్టంలో పెట్టి, వేడిని కొద్దికొద్దిగా పెంచాను. లేత నీలం పొడి సాయంత్రానికి ముదురు ఊదా రంగుకు తిరిగింది. మూడేళ్లలో నేనెన్నడూ చూడని రంగు అది.

శనివారం యంత్రం మీద అంకె వచ్చింది. రెండు వేల మూడు వందల ఎనభై. మేడమ్ నమ్మలేదు. మళ్లీ కొలిపించారు. నాలుగు తగ్గింది, అంతే.

"ఈసారి ఏం చేశావు?"

"నేనేం చేయలేదు మేడమ్, జ్వరం తెచ్చుకున్నాను. చేసిందంతా బాబాయే." ఆ వెంటనే పట్టలేని సంతోషంతో కేక పెట్టాను. కారిడార్ అంతా దద్దరిల్లింది.

నిదానం బాబాయ్ పరుగెత్తడం ఆ రోజే చూశాం. తడిచేతులతో తలుపు దగ్గర ఆగి, రొప్పుతూ అడిగాడు.

"ఏం పగిలిందమ్మా?"

"ఏదీ పగల్లేదు బాబాయ్! నిలబడింది!"