గింజా తాలూ

ఎస్తేర్ గంజి వారుస్తుండగా ఫోన్ మోగింది. కామారెడ్డి సైన్స్ ఫేర్ నుంచి మొగుడు సంపత్. మూత జారకుండా గిన్నె పట్టుకునే, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

పొద్దున్నే ఆమె చేసిన సీడీ జేబులో పెట్టుకుని ఎల్లారెడ్డిలో బస్సెక్కాడు. ఇద్దరూ సైన్స్ టీచర్లే. అతడు సర్కారు బడిలో, ఆమె ప్రైవేటు బడిలో. "గాడ సర్కారు బడోళ్లకే చాన్సు. నా పేరు మీద పెడ్త. మొగుడు పెండ్లాలకు నీది నాది ఏంది?" అన్నాడు. పోనీ నేనూ వస్తానంటే, "అమ్మకు బువ్వ ఎవరు పెడ్తరు?" అన్నాడు. ఎనిమిదేళ్ల కాపురంలో అతడితో మాట్లాడి గెలిచింది ఎన్నడు గనక! సీడీ తీసి ఇచ్చింది.

ఆర్నెల్లు, అందరూ అన్నం డబ్బాలు విప్పే వేళ బడి కంప్యూటర్ ముందు కూర్చుని చేసిన బొమ్మల కథ అది. తెర మీద భూదవ్వ అనే పిల్ల చాటెత్తి వడ్లు తూర్పారబడుతుంది. గాలి ఎటు రావాలో, ఎంత రావాలో పిల్లలే మౌస్ నొక్కి చెప్పాలి. తాలు ఎగిరి భూదవ్వ జడలో పడితే పడీపడీ నవ్వేవాళ్లు. నాగిరెడ్డిపేట కళ్లాల్లో కూలికి పోయిన తన తల్లి చేతుల్నే ఆ బొమ్మకు పెట్టింది ఎస్తేర్. "మౌస్ పట్టుకుంటే నొయ్యని చెయ్యి, ఇంట్ల చాట పట్టుకుంటేనే నొస్తదా?" అని అత్త మరియ దెప్పిపొడిచేది.

"ఏం చేసినవే!" ఫోన్లో గొంతు తగ్గించి కసిరాడు సంపత్. "గాలి మొత్తం తీసెయ్ అన్నకాడ నొక్కితే గింజా తాలూ ఒక్కపారే పడ్డయి. బరువుది ముందు పడాలె గదా అని ఒక పిల్ల అడిగింది. జడ్జీలు నా మొకమే చూస్తున్నరు." అటు తిరిగి, "నేను గాదు సార్, మా ఇంటామె ఎస్తేర్ చేసింది. తెల్వక తప్పు పెట్టింది," అన్నాడు.

"తప్పు గాదు. ఫోన్ ఆ పిల్లకియ్యి, నేను చెప్త."

"ముందుగాల నాకు చెప్పు!"

చెప్పకపోతే? ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు, అతడి పరువు గంగలో కలుస్తుంది. ఆమెకు ఆశ పుట్టింది కూడా. కానీ అడిగింది పిల్ల.

"భూమి రెండింటినీ ఒక్క తీరుగనే కిందికి ఉరికిస్తది. తాలును ఆపేది గాలే. గాలే లేకుంటే ఇంక ఆపేటిదేది?"

సంపత్ ఫోన్ కట్ చేయడం మరిచిపోయాడు. ఆమె మాటలే అతడి గొంతులో గంభీరంగా వినిపించాయి. "నేనే కావాలని పెట్టిచ్చిన సార్, పిల్లలు అడగాలని." చప్పట్లు మోగాయి. సొమ్మొకడిది సోకొకడిది. ఎస్తేర్‌కు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఒళ్లంతా అలసట కమ్ముకుంది. పోనీలే, ఆ పిల్లకైనా జవాబు దొరికింది అనుకుంది.

అప్పుడే సన్నటి గొంతు వినిపించింది. "సార్, గట్లయితే బొమ్మలు చేసిన మేడమ్‌కు ఇది తెల్వదా?"

"ఆడోళ్లకు బొమ్మలేసుడు వస్తది గానీ ఫిజిక్స్ ఏం తెలుస్తది బిడ్డా!" సంపత్ నవ్వాడు. అక్కడున్న వాళ్లూ నవ్వారు.

ఎస్తేర్ ఫోన్‌ను చెవికి అదిమిపెట్టి చాలాసేపు విన్నది. ఆ పిల్ల మళ్లీ ఏమీ అడగలేదు.