పొట్టి సేటు, పొడుగు డ్రైవర్

రాధాకిషన్ సేటు ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. అందులో ఒక అంగుళం చెప్పులది. తాండూరులో బండల పాలిష్ మిల్లు నడిపేవాడికి ఎత్తుతో ఏం పని? జనం బండను కొలుస్తారు గాని అమ్మేవాణ్ణి కొలవరు. అట్లా యాభై రెండేళ్లు హాయిగా గడిచాయి. గోల్ఫ్ తగులుకున్నాకే లెక్క తప్పింది.

వికారాబాద్ అవతల గుట్టల కింద తొమ్మిది హోళ్ల గోల్ఫ్ మైదానం ఉంది. ఏటా దసరా వెళ్లాక తాండూరు వ్యాపారులు నలుగురు, వికారాబాద్ వ్యాపారులు నలుగురు అక్కడ పోటీ పడతారు. గెలిచిన ఊరికి ఒక ఇత్తడి చెంబు. ఆ చెంబుతో నీళ్లు తాగినవాడు ఇంతవరకు లేడు గాని, దానికోసం మాటలు పడనివాడూ లేడు. తాండూరు జట్టుకు పెద్ద రాఘవేంద్ర. కందిపప్పు మిల్లు ఆసామి, ఆరడుగుల మనిషి, రాధాకిషన్ భార్యకు స్వయానా అన్న.

నాలుగో హోల్‌కు అడ్డంగా పాత మొరం గుంత ఉంది. వానలకు నిండి ఎర్రటి నీళ్లతో మిలమిలలాడుతుంది. బంతి నూట నలభై గజాలు గాలిలో పోతేనే దాన్ని దాటుతుంది. పోయినేడాది రాధాకిషన్ అందులో ఏడు బంతులు వేశాడు. చేపలకు మేత వేస్తున్నవా సేటూ అని వికారాబాద్ వాళ్లు అడిగారు.

ఈసారి రాఘవేంద్ర ముందే తేల్చేశాడు.

"బావా, చుట్టరికం ఇంట్ల. ఆటల కాదు. పోటీకి వారం ముందు అందరం నాలుగో హోల్ కాడ నిలవడుదం. మనిషికి మూడు బంతులు. ఒక్కటి దాటించినోడు జట్టుల ఉంటడు. లేకుంటే ఇంటికాడ ఉంటడు."

"గీ రూలు నాకోసమే పెట్టినవా?"

"నీకోసం కాదు, గుంత కోసం. పాపం, అది బంతులతోనే పూడిపోతున్నది."

ఆరేళ్లుగా ఆ నలుగురిలో తనొకడు. ఇప్పుడు పేరు కొట్టేస్తే బజార్లో ప్రతి కొట్టు ముందూ ఆగి కారణం చెప్పుకోవాలి. ఆ బేరం రాధాకిషన్‌కు గిట్టదు. మొదటి దెబ్బ కొట్టే పెద్దతల కట్టెను డ్రైవర్ అంటారు. అదే మార్చాలనుకున్నాడు. గడ్డపార పొడుగైతే బండ తేలిగ్గా లేస్తుంది. డ్రైవర్ పొడుగైతే బంతి దూరం పోతుంది. ఇందులో ఆలోచించడానికేముంది?

హైదరాబాద్ దుకాణంలో ఒక అమ్మాయి అతని చేత మిషన్ ముందర ఐదు దెబ్బలు కొట్టించింది.

"సార్, మీ ఊపు నిదానం. మీ ఎత్తుకు కొంచెం పొట్టిది, తేలికది, మెత్తగా వంగే కట్టె ఉన్నది కావాలి. తల కూడా పన్నెండు డిగ్రీలు వాలుగా ఉంటే బంతి బాగా లేచి దూరం పోతుంది. ఇది చూడండి, ఆడవాళ్లకని చేశారు గాని..."

"అమ్మా, నేను కూడ దుకాణందారునే. అమ్ముడుపోని మాలు ముందుగాల సూపెట్టుడు నాకూ వచ్చు. మీ దగ్గర అన్నిటికన్న పొడుగుది ఏది?"

నలభై ఆరు అంగుళాలది తెచ్చింది. గట్టి కట్టె, తొమ్మిది డిగ్రీల తల. రాధాకిషన్ బేరమాడి దానిమీద ఒక టోపీ కూడా రాబట్టాడు. టోపీ కనుబొమల మీదికి దిగింది.

మర్నాడు మిల్లు ఆవరణలో పని మొదలెట్టాడు. మొదటి ఊపుకు బంతి వెనక మట్టి లేచింది. రెండో బంతి కుడికి తిరిగి రేకుల షెడ్డుకు తగిలింది. కోత మిషన్ దగ్గరి వాళ్లు నేలమీద పడుకున్నారు. మూడో ఊపుకు కట్టె, బంతి ఒకదాన్నొకటి చూసుకోనే లేదు.

బండల గుట్ట మీద కూర్చుని మొగులప్ప ఇదంతా చూస్తున్నాడు. పెద్దేముల్ మనిషి. సేటు సొంత గనిలో బండ పొరలు లేపే మేస్త్రి. ఎత్తులో సేటుకు సరిజోడు.

"సేటూ, కట్టెను నువ్వు ఊపుతున్నవా, నిన్ను కట్టె ఊపుతున్నదా?"

"గోల్ఫ్ గురించి నీకేమెరుక?"

"గోల్ఫ్ ఎరుక లేదు. సుత్తె ఎరుక. గంత పొడుగు కామ తోటి నేను కొడితే బండ పగలదు, నా మోకాలు పగులుతది."

గనిలో కొత్తగా చేరినవాడు మొదటిరోజు నిటారుగా నిలబడి చేతులు వేలాడేస్తాడు. సుత్తె తలను నేలకానించి, మణికట్టు దగ్గర కామ మీద గీత గీస్తారు. పైనున్నది కోసేస్తారు. రాధాకిషన్ అందరికీ మూడడుగుల కామలే కొనిచ్చేవాడు. వాళ్లు కోసిన ముక్కలతో చాయ కాచుకునేవాళ్లు. నా కట్టెతో మీ చాయనా అని అతను ప్రతిసారీ లొల్లి చేసేవాడు. ఇప్పుడు మొదటిసారి ఆ ముక్కలు వేస్టు కాదేమోనన్న అనుమానం వచ్చింది. వచ్చినా బయటికి చెప్పలేదు.

"జర కిందికి పట్టు సేటూ. ఇంకా కిందికి."

మూడంగుళాలు కిందికి పట్టి కొట్టాడు. బంతి తిన్నగా పోయింది గాని, తరిమిన కుక్కలాగా నేలను రాసుకుంటూ పోయింది.

"సీదా పోతున్నది," అన్నాడు మొగులప్ప. "లేస్తలేదు."

లేవడానికి వాలు కావాలి. దుకాణంలో అమ్మాయి చెప్పింది అదే. ఆ పిల్ల నిజం చెప్పిందన్న సంగతి రాధాకిషన్‌కు మింగుడుపడలేదు. ఇన్నేళ్ల వ్యాపారంలో అట్లాంటిది ఎదురు కాలేదు.

దుకాణానికి ఫోన్ చేస్తే, అమ్మిన సరుకు వాపసు తీసుకోం అన్నారు. తన మిల్లు గేటు మీదా అదే బోర్డు ఉంది గనక గట్టిగా తిట్టలేకపోయాడు.

సాయంత్రం పొడుగు డ్రైవర్ పట్టుకుని రాఘవేంద్ర ఇంటికి పోయాడు. ఏమీ అడగలేదు. దాన్ని గోడకు ఆనించి కూర్చున్నాడు. చాయ వచ్చేలోపు రాఘవేంద్ర దాన్ని రెండుసార్లు ఊపాడు, మూడోసారి లేచి నిలబడి ఊపాడు.

"బావా, మస్తున్నది. నీకంటే ఇదే పొడుగ్గ కనవడుతున్నది!"

"అందుకే తెచ్చిన. నువ్వు తీస్కో. గా మూలకున్న చెల్లె డ్రైవర్ నాకియ్యి."

చెల్లె అంటే రాఘవేంద్ర భార్య వైశాలి. రెండేళ్ల కింద సరదాగా ఆట నేర్చుకుంది, జట్టులో చోటు లేదనేసరికి మానుకుంది. ఆమె డ్రైవర్ పొట్టిది, తేలికది, పన్నెండు డిగ్రీలది. తలమీద ఊదారంగు సీతాకోకచిలుక.

"సీతాకోకచిలుక తోటి ఆడుతవా?"

"బంతికి కండ్లుంటయా?"

మార్పిడి అయిపోయింది. ఇద్దరూ ఎదుటివాణ్ణి ముంచామనుకుని సంతోషంగా చాయ తాగారు.

ఆదివారం నాలుగో హోల్ దగ్గర జట్టులో మిగతా ఇద్దరూ మొదటి బంతికే దాటించారు. రాఘవేంద్ర కొత్త కట్టెతో కొట్టిన బంతి గుంత దాటి ఎక్కడ పడిందో కనబడలేదు. రాధాకిషన్ మొదటి బంతి బుడుంగుమంది. రెండోది బాగానే లేచి, అవతలి గట్టు అంచున పడి, ఒక్క క్షణం ఆలోచించి, వెనక్కి నీళ్లలోకి జారింది.

మూడో బంతి పెడుతుంటే వెనక నుంచి వైశాలి గొంతు వినబడింది.

"అన్నా, నా డ్రైవర్ నీకెవరిచ్చిన్రు?"

రాధాకిషన్ రాఘవేంద్ర వైపు చూశాడు. రాఘవేంద్ర గుట్టల వైపు చూశాడు.

"బావతోని మారుసుకున్న చెల్లె."

"సొంతదారు నేను. నన్నడగకుంట బేరమెట్లయితది? ఇటియ్యి."

వ్యాపారంలో ఈ మాటకు ఎదురు లేదు. ఇచ్చేశాడు. ఆమె ఒక బంతి పెట్టి కొట్టింది. గుంత దాటి ఇరవై అడుగులు అవతల పడింది.

"రూలు ప్రకారం నేను కూడ జట్టే," అంది.

"నలుగురే ఉండాలె," అన్నాడు రాఘవేంద్ర మెల్లగా.

"అన్న చోటుల సగం తీసుకుంట. సరి సంఖ్య హోళ్లు నావి, బేసివి అన్నవి. ఒప్పుకుంటే డ్రైవర్ ఇస్త. బంతి యాడ పెట్టాల్నో కూడ చెప్త."

రాధాకిషన్ వేళ్లు ముడిచాడు. తొమ్మిదిలో బేసివి ఐదు, సరివి నాలుగు. ఎక్కువ పాలు తనదే. "ఖాయం," అన్నాడు వెంటనే.

"ఎడమ మడమకు ఎదురుగ పెట్టు. జర ఎత్తుల పెట్టు. కిందికి కాదు, పైకి కొట్టు."

కొట్టాడు. బంతి నింపాదిగా లేచింది. ఎర్రనీళ్ల మీద దాని నీడ పోతూ పోతూ గట్టెక్కింది. పది అడుగులు, అంతే. అయినా దాటింది.

రాధాకిషన్ టోపీ తీసి మొగులప్ప వినేటంత గట్టిగా అరిచాడు. మొగులప్ప నలభై కిలోమీటర్ల అవతల ఉన్నాడు.

రాఘవేంద్ర కాగితం మీద నాలుగో పేరు దగ్గర రెండు పేర్లు రాశాడు. "ఇగ గీ గుంత మీదికెళ్లి కొట్టేది నీ చెల్లెనే అన్నమాట. నాలుగు సరి సంఖ్యనే గద బావా."

రాధాకిషన్ మళ్లీ వేళ్లు ముడిచాడు. రెండు, నాలుగు. గుంత దాటిన ఆ బంతే అక్కడ అతని చివరి బంతి.

"నష్టమా అన్నా?" అని నవ్వింది వైశాలి.

అతను నీళ్ల వైపు చూశాడు, మూడు బంతుల్లో రెండు అందులోనే ఉన్నాయి. "జట్టుల ఉన్న. గుంతల లేను," అన్నాడు. "లాభమే చెల్లె."

గట్టు చుట్టూ నడిచిపోయి, ఆ మూడో బంతిని తీసుకుని తుడిచి జేబులో వేసుకున్నాడు.