లాభం, రెండు, మూడు

ముప్పై లాప్‌టాప్‌లు, ముప్పై నల్లటి తెరలు. అన్నిటి మీదా తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటే హెచ్చరిక. అనుమతి లేని వైర్‌లెస్ కార్డు ఉందట. మిషన్ ఆపి కార్డు తీసేయాలట. ఆ తర్వాత ఏ మీట నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

తనూజ సంచి భుజాన వేసుకుని ల్యాబు గుమ్మం దాటేసరికి లోపల పంచాయితీ అప్పటికే ముదిరింది.

"వచ్చినావా తల్లీ! రా, నీ చేతిపని నువ్వే చూసుకో," అన్నాడు నాగసుబ్బయ్య శెట్టి. కడపలో ఆ ఇంజనీరింగ్ కాలేజీ ఆయనదే. కాలేజీ పెట్టకముందు రాజంపేటలో ముప్పై ఏళ్ళు వేరుశనగ మండీ నడిపిన మనిషి. "రెండు గంటలకు బెంగుళూరు కంపెనీవాళ్ళు వస్తాండారు. పిల్లోళ్ళు ఈ మిషన్ల మీదనే పరీక్ష రాయాల. ఒక్కటి లేస్తే ఒట్టు!"

గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది.

శెట్టిగారి కుడిపక్కన ఎస్సై పుల్లయ్య కుర్చీలో కూర్చుని టోపీతో విసురుకుంటున్నాడు. ఎడమపక్కన అల్లుడు వాసుదేవ్. కర్నూలులో కంప్యూటర్ల డీలరు. ఏప్రిల్ ఎండలోనూ చొక్కా ఇస్త్రీ నలగలేదు. భుజానికి లాప్‌టాప్ బ్యాగు. మూలన ల్యాబు అటెండరు తిమ్మన్న, తాళాల గుత్తి ఎస్సై ముందు పెట్టేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను అప్పుడే చెప్పినా కదా మామయ్యా," అన్నాడు వాసుదేవ్. "కంపెనీ మిషన్లో కంపెనీ కార్డే పెట్టాలని. మేడమ్ గారు లోపలి బయోస్‌ను కెలికినారు. ఆ కెలికింది ఇప్పుడు కుళ్ళింది."

"కుళ్ళేదానికి అదేమన్నా టమోటానా సార్?" అంది తనూజ సంచి దించుతూ.

ఎస్సైకి నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

వాసుదేవ్ చెప్పినదాంట్లో సగం నిజమే. విండోస్ కంటే ముందు లేచే చిన్న ప్రోగ్రాం బయోస్. ఈ రకం లాప్‌టాప్‌లలో దాని దగ్గర ఒక చిట్టా ఉంటుంది. చిట్టాలో ఉన్న వైర్‌లెస్ కార్డయితే లోపలికి రానిస్తుంది. వేరే కార్డు తగిలిస్తే గేటు దగ్గరే ఆపేస్తుంది. చిట్టాలో ఉన్న కార్డులేమో ధరకు అందవు. అందుకే కిందటి నెల తనూజ ఒక్కో మిషన్ బయోస్‌నూ బయటికి తీసి, చిట్టా చూసే చోట చిన్న మార్పు చేసి, ఏ కార్డు వచ్చినా సరేననేలా తిరిగి రాసింది. మామూలు కార్డులు తగిలించింది. నెల రోజులు ముప్పై మిషన్లూ బెదరకుండా నడిచాయి. శనివారం సాయంత్రం కూడా నడిచాయి. ఇవాళ సోమవారం.

ఆ పని చేసిన మధ్యాహ్నం వాసుదేవ్ ఆమె పక్కనే కుర్చీ వేసుకుని చూశాడు. ఎట్లా తీస్తారు, ఎట్లా రాస్తారు అని అడిగాడు. అడిగినవన్నీ చెప్పింది. పని దాచుకునే అలవాటు తనూజకు లేదు. రాయచోటిలో రేడియోలు బాగుచేసే తండ్రి దగ్గర నేర్చిన చేయి అది. ఏ పెట్టెలోంచి తీసిన బోల్టు ఆ పెట్టెకే బిగించాలని ఆయన పదేపదే చెప్పేవాడు. ఆమె బయోస్ విషయంలోనూ అదే పాటించింది. ప్రతి మిషన్‌కీ దాని ఫైలు దానిదే. అన్నీ సీడీలో భద్రం.

"ఏమంటావు అమ్మాయ్?" శెట్టిగారు గద్దించాడు. "కంప్లయింటు రాసేదానికి ఎస్సైని పిలిపించినా. నా మిషన్లు పాడుచేసినావని రాసిస్తే ఏడురోడ్ల కాడ నీ రిపేరు షాపుకు తాళమే. ఇంగ కడపలో ఎవరూ నీ చేతికి కాలిక్యులేటర్ కూడా ఈరు."

ఆ మాట నిజమేనని తనూజకు తెలుసు. ఆమెకున్నది ఆ షాపూ, చేతి మీద జనానికున్న నమ్మకమూ. రెండూ ఒక్క కాగితంతో పోతాయి. అయినా గొంతు తగ్గించలేదు.

"రాయండి శెట్టిగారూ, కాదన్లేదు. ఒంటిగంట దాకా టైమియ్యండి. అప్పటికి ముప్పై మిషన్లూ లేయకపోతే ఎస్సైగారి జీపు నేనే ఎక్కి కూచుంటా."

"ఎందుకు మామయ్యా ఈ జూదం?" వాసుదేవ్ అందుకున్నాడు. "నా కారు డిక్కీలో ముప్పై కంపెనీ కార్డులుండాయి. తగిలిస్తే గంటలో అయిపోతాది."

"నీ డిక్కీలో యాడనుంచి వచ్చినాయప్పా?" అన్నాడు శెట్టిగారు.

"మన అదృష్టం. వేరే ఆర్డరుకు తెచ్చినా."

సరిగ్గా ముప్పై. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. తనూజ ఆ లెక్కను మనసులో ఒక పక్కన పెట్టుకుంది.

శెట్టిగారు గడియారం చూశాడు, అల్లుణ్ణి చూశాడు, తనూజను చూశాడు. "ఒంటిగంట. ఒక్క నిమిషం దాటినా ఒప్పుకోను. తిమ్మన్నా, ఆయమ్మకు సాయం చెయ్."

తనూజ పద్నాలుగో నంబరు స్టిక్కరు ఉన్న మిషన్‌ను బోర్లించి, మూత విప్పి కార్డు లాగేసింది. ఆన్ చేసింది. ఆపే కార్డు లేదు కాబట్టి మిషన్ లేచింది. వెంటనే బయోస్ సెట్టింగుల పేజీలోకి వెళ్ళింది.

తెర మీది సీరియల్ నంబరు ఒకటి. మిషన్ అడుగున కంపెనీ అంటించిన సీరియల్ నంబరు ఇంకొకటి.

ఆ కింద యజమాని గుర్తు రాసుకునే గడి. కిందటి నెల అందులో స్టిక్కరు మీదున్న పద్నాలుగే ఉంది. ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో 'లాభం' అని ఉంది.

పక్కనున్న ఇంకో మిషన్ తెరిచింది. అదే సీరియల్ నంబరు. 'లాభం'. మూడోదీ అంతే.

తనూజకు సగం కథ అక్కడే అర్థమైపోయింది. ఎవరో ఒక మిషన్ బయోస్‌ను మొత్తంగా తీసి, ముప్పైటికీ అదే రుద్దారు. పాత చిట్టా తిరిగొచ్చింది. దాంతోపాటు ఆ మిషన్ సొంత నంబరూ, సొంత గుర్తూ వచ్చేశాయి. తీసిన పద్ధతి అచ్చం తనదే. కానీ ఏ బోల్టు ఏ పెట్టెదో చూసుకోలేదు. మరి ఆ మొదటి పెట్టె ఏది?

"తిమ్మన్నా, ఈ లాభమేంది?" అంది మెల్లగా.

తిమ్మన్న తెర వైపు చూశాడు. చేతిలో స్క్రూడ్రైవరు జారి బల్ల మీద పడింది. "నన్నడగొద్దక్కా. నీకు దండం పెడతా."

"నిన్న ఆదివారం తాళం ఎవరికిచ్చినావురా?" ఎస్సై కుర్చీలోంచే అడిగాడు.

"ఎవరికీ ఈలేదు సార్."

ఆ జవాబు నేలకు చెప్పాడు తిమ్మన్న. దొంగతనం చేసిన భయం కాదది. పెద్దవాళ్ళ పేరు నోట్లో పెట్టుకున్న భయం. తనూజ ఇంకేమీ అడగలేదు. ముందు మిషన్లు లేవాలి.

సంచిలోంచి సీడీ తీసింది. ఐదు పెన్‌డ్రైవులు తీసింది. ఐదేసి మిషన్లు ఒక జట్టు. తిమ్మన్న మూతలు విప్పి కార్డులు తీస్తుంటే, ఆమె ఏ మిషన్ ఫైలు ఆ మిషన్‌కి ఎక్కించసాగింది. రాయడం పూర్తయ్యాక కార్డు మళ్ళీ తగిలించి చూస్తే, మిషన్ నోరెత్తకుండా విండోస్‌లోకి వెళ్ళిపోతోంది. ఐదయ్యాయి. పదయ్యాయి. మూడో జట్టు సగంలో ఉండగా ఫ్యాన్లు ఆగిపోయాయి.

కరెంటు పోయింది.

"పాయె!" అన్నాడు వాసుదేవ్. గొంతులో జాలి ఉంది గానీ కళ్ళలో లేదు. "బయోస్ రాస్తాండగా ఆగిపోతే ఇంగ ఆ మిషన్ ఇటుకరాయే మామయ్యా. ఐదు పోయినట్టే."

శెట్టిగారు లేచి నిలబడ్డాడు. "అమ్మాయ్!"

తనూజ తల ఎత్తలేదు. ఐదు తెరలూ వెలుగుతూనే ఉన్నాయి. రాత ఎంతవరకు వచ్చిందో చూపే గీతలు ముందుకు పాకుతూనే ఉన్నాయి.

"కూర్చోండి శెట్టిగారూ. కడపలో పుట్టి కరెంటును నమ్ముతానా? బ్యాటరీ నిండా లేకుండా నేను ఒక్క అక్షరం రాయను."

ఈసారి ఎస్సై నవ్వును దాచుకోలేదు. "గట్టి మనిషివేనమ్మా నువ్వు!"

జనరేటరు మొదలయ్యేలోపే మూడో జట్టు పూర్తయింది. పన్నెండున్నరకు ఐదో జట్టు ముగిసింది. ఆరో జట్టులో నాలుగు లేచాయి. ఇక మిగిలింది ఆమె మొదట విప్పి పక్కన పెట్టిన పద్నాలుగో నంబరు ఒక్కటే. తనూజ దాన్ని దగ్గరికి లాక్కుని పెన్‌డ్రైవు పట్టుకుంది.

అప్పటికి శెట్టిగారి ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. చేతికర్ర ఆనించుకుంటూ వరుసల మధ్య నడుస్తున్నాడు. వెలుగుతున్న ఒక్కో తెరనూ వేలితో తాకుతూ ఎంచుతున్నాడు. మండీలో పల్లీలు కొలిచినప్పటి రాగం ఇంకా పోలేదు.

"లాభం... రెండు... మూడు... నాలుగు..."

తనూజ చేతిలో పెన్‌డ్రైవు గాల్లోనే ఆగిపోయింది.

కొలతలో తొలి మానికను ఒకటి అనరు. లాభం అంటారు. మండీ మనిషి నోట 'ఒకటి' రాదు. కిందటి నెల ఆమెకు వింతగా తోచిన సంగతి ఒకటి గుర్తొచ్చింది. ల్యాబులో స్టిక్కర్లు రెండుతో మొదలై ముప్పై ఒకటితో ముగుస్తాయి. ఒకటో నంబరు ఏదని అడిగితే, "అది ఈడ ల్యాదులేక్కా," అని తిమ్మన్న మాట మార్చాడు.

పెన్‌డ్రైవును జేబులో వేసుకుంది.

"...ఇరవైతొమ్మిది!" శెట్టిగారు ఆఖరి బల్ల దగ్గరికి వచ్చాడు. "శెబాష్! ఇంగ ఆ ఒక్కటి కూడా లేపు తల్లీ."

"అది కావాలనే ఆపినా శెట్టిగారూ. అది సాక్షి. ఒక మాట అడుగుతా, కోప్పడొద్దు. ఈ మిషన్లు పెట్టెల్లో వచ్చిన రోజు ఎంచింది ఎవురు?"

"నేనే. ఇంకెవురు?"

"బయోస్ గడిలో నంబర్లు కొట్టింది?"

తిమ్మన్న ఒక అడుగు ముందుకేశాడు. ఇరవైతొమ్మిది తెరల వెలుగు చూశాక అతనికి ఎక్కడి నుంచో ధైర్యం వచ్చింది. "నేను కొట్టినా అక్కా. అయ్య ఎంచుతాంటే అయ్య ఏమంటే అదే కొట్టినా. లాభం అంటే లాభం, రెండంటే రెండు."

"మొత్తం ఎన్ని?"

"ముప్పై ఒకటి."

తనూజ పద్నాలుగో మిషన్‌ను శెట్టిగారి వైపు తిప్పింది. వేలు ఆ గడి మీద పెట్టింది. "పొద్దున ముప్పై మిషన్లలోనూ ఇదే ఉంది. ఎస్సైగారూ, మీరూ రండి, చూడండి. ఈ పని చేసిన మనిషికి బయోస్ తీయడమొచ్చు, రాయడమొచ్చు. మిషన్ గుర్తు కూడా దాంతోపాటే వస్తాదని తెలీదు. తన మిషన్‌లోది తీసి అన్నిటికీ అంటించినాడు. నా పని చెడిపోయినట్టు చూపించి, డిక్కీలో ఉన్నవి అమ్ముకోవాలని."

"కట్టుకథ!" వాసుదేవ్ గొంతు పెద్దదైంది. "ఆమె రాసిన ఫైళ్ళల్లోనే తప్పు..."

"నా సీడీలో రెండు నుంచి ముప్పై ఒకటి దాకా ఉండాయి సార్. లాభం నేను ఇంతవరకు కంటితో చూడలేదు." తనూజ శెట్టిగారి వైపే చూస్తోంది. "మీ లాభం మిషన్ ఎవరికిచ్చినారు శెట్టిగారూ?"



శెట్టిగారి చూపు నెమ్మదిగా తెర మీంచి లేచింది. ఎడమపక్కకు తిరిగింది. అల్లుడి భుజానికి వేలాడుతున్న బ్యాగు మీద ఆగింది. పట్టీ దగ్గర ఆయన తన వేలితో పెట్టిన కుంకుమ బొట్టు మరక ఇంకా ఉంది. తొలి మానిక ఇంటికే చెందాలని, లాభం అల్లుడి చేతిలో ఉంటే కలిసొస్తుందని, ఆ రోజు ఆయనే ఇచ్చాడు.

"మామయ్యా, ఇంటికిపోయి మాట్లాడుకుందాం," అన్నాడు వాసుదేవ్. చేయి తెలియకుండానే బ్యాగును వెనక్కి నెట్టింది.

"తిమ్మన్నా." శెట్టిగారి గొంతు చాలా చిన్నగా వచ్చింది. "నిన్న తాళం ఎవురికిచ్చినావు? ఈసారి నా మొహం చూసి చెప్పు."

తిమ్మన్న ఆయన మొహమే చూశాడు. ఆ తర్వాత వాసుదేవ్ వైపు తల తిప్పాడు. 

ఎస్సై పుల్లయ్య జేబులోంచి పెన్ను తీసి, పొద్దుటి నుంచి బల్ల మీదున్న తెల్లకాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. పైన కాలేజీ పేరు, తేదీ అప్పటికే రాసి ఉన్నాయి. మిగతాది ఖాళీ.

"కంప్లయింటు మీదే కదా శెట్టిగారూ. ఎవురి మీద రాసుకోమంటారు?"

శెట్టిగారు చేతికర్రను రెండు చేతులతో పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. మండీలో తూకం తప్పినవాణ్ణి నలుగురి ముందూ పేరు పెట్టి పిలిచిన గొంతు అది. ఆ ముప్పై ఏళ్ళలో అది ఒక్కసారీ తడబడలేదు, ఇప్పుడూ తడబడలేదు.

"రాసుకో పుల్లయ్యా," అన్నాడు. "వాసుదేవ్. నా కూతురు మొగుడు, వాసుదేవ్."